గొలుసు వేయని బండి

బుధవారం పొద్దున వెర్లిన్ స్టాడర్డ్ ఇంట్లో వేసుకున్న కార్యక్రమం చాలా చిన్నది. ఏడింటికి పాన్‌కేకులు తినడం, ఎనిమిదింటికి బంగాళాదుంప చేలో నీటి గొట్టాలు ఒక వరస ముందుకు జరపడం, పదింటికి కౌంటీ ఆఫీసుకు, అంటే జిల్లా కచేరీకి, వెళ్ళి కొండదారి బైకులకు అనుమతి స్టిక్కర్లు తీసుకోవడం, అక్కడి నుంచి రోడ్డు దాటి ఇన్సూరెన్సు చేయించుకోవడం, భోజనం వేళకి ఇల్లు చేరడం. డెబ్బై ఆరేళ్ళ వెర్లిన్ తన జీవితంలో ఇంతకంటే పెద్ద పనులు ఎన్నో చక్కబెట్టాడు. ఈ ఒక్క పని మాత్రం జరగకుండా చూడాలని ఆయన తెల్లవారుజాము నుంచీ తంటాలు పడుతున్నాడు.

బండ్లకు స్టిక్కర్లు, ఇన్సూరెన్సు అనే రెండు ముక్కలు ఆ ఇంట్లోకి తెచ్చింది కోడలు మార్సీ. జూలై ఆఖరి శనివారం కుటుంబమంతా బైకుల మీద కొండెక్కి, అడవి మంటలు కనిపెట్టే పాత మంచె దగ్గర కూర్చుని రొట్టెలు తిని దిగిరావడం వెర్లిన్ తండ్రి కాలం నుంచీ ఉన్నదే. ఇన్నేళ్ళలో ఒక్క బండికీ కాగితం అడిగినవాడు లేడు. అయితే పోయిన వేసవిలో మార్సీ వాళ్ళ అన్న అదే కొండ మలుపులో ఎవరో కొత్త మనిషిని గుద్ది కాలు విరగ్గొట్టాడు. ఆ కాలు అతికేసరికి అన్నగారి ఇల్లు అమ్ముడుపోయింది. ఆసుపత్రిలో నర్సుగా విరిగిన ఎముకలు రోజూ చూసే మార్సీ ఆ తర్వాత ఒకే మాట మీద నిలబడింది. "స్టిక్కరూ ఇన్సూరెన్సూ లేని బండిని నా కూతురు ముట్టుకోదు. ఆపైన మీ ఇష్టం."

ఆ కూతురు టెస్. పదకొండేళ్ళది. ఈ శనివారం ఆ పిల్లకి మొదటి కొండ ప్రయాణం. నాలుగేళ్ళ వయసు నుంచీ తాతతో ఆమెకొక ఒప్పందం ఉంది. మొదటిసారి కొండెక్కేటప్పుడు ముందు తాతయ్య బండి, వెనకే టెస్ బండి, మిగతావాళ్ళు ఎంతటివాళ్ళయినా ఆ వెనక. వెర్లిన్‌కి ఈ వయసులో ఆశపడ్డానికి మిగిలినవి కొద్దే. వాటిలో ఇది మొదటిది.

మూడు పెద్ద బండ్లకు కాగితాలు సరిగ్గానే ఉన్నాయి. చిక్కంతా టెస్ కోసం దొరికిన నాలుగో బండితో వచ్చింది. వెర్లిన్ తమ్ముడు లామార్ మార్చి నెలలో పోయాడు. పెళ్ళాం పిల్లలు లేని మనిషి. ఆయన గడ్డి కొట్టం ఖాళీ చేస్తూ వెర్లిన్ కొడుకు రాస్, మంగళవారం సాయంత్రం, గడ్డిమోపుల వెనక టార్పాలిన్ కింద ఒక చిన్నపిల్లల బైకు చూశాడు. దాని ఒంటినిండా ట్రాక్టరుకు వేసే ఆకుపచ్చ రంగు పులిమి ఉంది. ఇంటికి తెచ్చి, పెట్రోలు పోసి, ఏడుసార్లు తంతే అది దగ్గి, పొగ కక్కి, బతికింది. ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు. వెర్లిన్ చేతిలో కాఫీ మాత్రం ఆయన చెప్పుల మీద ఒలికింది. ఆ ఆకుపచ్చ కింద ఎరుపు ఉందని ఈ భూమ్మీద ఇక ఆయనొక్కడికే తెలుసు మరి.

ఆ ఎర్ర బండి రాస్‌ది. ముప్పై నాలుగేళ్ళ కిందట, వాడికి పన్నెండేళ్ళప్పుడు కొనిపెట్టింది. వాడు రోజూ దాన్ని రోడ్డు పక్కన కాలువ గట్టు మీద పడేసి ఆటలకు పోయేవాడు. గొలుసు వెయ్యరా అని వెర్లిన్ పదిసార్లు చెప్పాడు. పదకొండోసారి చెప్పలేదు. తమ్ముణ్ణి పిలిచి ఇద్దరూ కలిసి బండిని ఎత్తి ట్రక్కులో వేసుకుని లామార్ కొట్టంలో దాచారు. ఒక్క రాత్రి వాడు ఏడవాలి, తెల్లారి బండి తెచ్చిచ్చి బుద్ధి చెప్పాలి అన్నది పథకం. పిల్లల్ని అలా పెంచడమే మగతనమని ఆ లోయలో తండ్రులంతా నమ్మే రోజులవి.

వెర్లిన్ ఆ సాయంత్రం చీకటి పడకుండానే ఇంటికి వచ్చేశాడు. అప్పటికే భార్య నోలా పోలీసులకు ఫోను చేసింది. వంటింట్లో బల్ల దగ్గర పోలీసు డిప్యూటీ హోల్ట్ నోటుబుక్కు తెరుచుకుని కూర్చున్నాడు, ముందు ఆపిల్ 'పై' అనే తీపి రొట్టె ముక్క. హోల్ట్ ఆదివారాలు వెర్లిన్‌తో కలిసి చేపలు పట్టే స్నేహితుడు. "బండి ఏ రంగు వెర్లిన్?" అని అడిగాడు. ఒక మనిషి సిగ్గుపడి నవ్వేసి అసలు సంగతి చెప్పడానికి దేవుడు ఇచ్చిన సమయం అదే. వెర్లిన్ "ఎరుపు" అన్నాడు. అంతే, పని అయిపోయింది. మర్నాడు చెబితే డిప్యూటీని ఊరికే తిప్పినవాడవుతాడు. మర్నెల ఇంటి సామానుకున్న ఇన్సూరెన్సు కింద కంపెనీ చెక్కు పంపింది, నోలా దాంతో బట్టలుతికే మిషను కొంది. దాని చప్పుడు ఇంట్లో మొదలయ్యాక ఇక చెప్పే దారే లేకపోయింది.

బండి పోయిందంటే దొంగ ఒకడు ఉండాలి కదా. కాలువ అవతలి ప్రూయిట్ వాళ్ళ కుర్రాడు కర్టిస్, రాస్‌కి ప్రాణస్నేహితుడు, ఆ బండిని అందరికంటే ఎక్కువ నడిపినవాడు. వాళ్ళది లేని ఇల్లు. నోలా ఆ పేరు పైకి అంది, హోల్ట్ రెండుసార్లు ఆ ఇంటికి వెళ్ళొచ్చాడు, రాస్ బడి వెనక కర్టిస్‌ని కొట్టి, ఆ తర్వాత జన్మలో మాట్లాడలేదు. వాళ్ళను అనుమానించమని వెర్లిన్ ఎవరికీ చెప్పలేదు. అనుమానించవద్దనీ ఎవరికీ చెప్పలేదు. లామార్ మాత్రం ఏడాదికోసారి "ఆ బండిని ఏం చెయ్యమంటావు అన్నయ్యా" అని అడిగేవాడు. "ఉండనీ" అనేవాడు వెర్లిన్. మార్చిలో తమ్ముడి సమాధి మీద మట్టి వేస్తూ ఆయన ముందుగా తలుచుకున్నది తమ్ముణ్ణి కాదు, ఆ బండిని. ఇక సాక్షి లేడనుకున్నాడు.

అందుకే బుధవారం తెల్లవారుతూండగానే వెర్లిన్ షెడ్డులో ఆకురాయి పట్టుకుని, హ్యాండిలు మెడ మీద చెక్కి ఉన్న నంబరును అరగదీస్తున్నాడు. రెండు అంకెలు పోయాయి. మూడోది పోతుండగా వెనక అలికిడయింది.

"ఏం చేస్తున్నావు తాతయ్యా?" అంది టెస్.

"తుప్పు గీకుతున్నా తల్లీ."

"మొత్తం బండిలో తుప్పు అక్కడే పట్టిందా?"

"ముందు అక్కడే పడుతుంది."

టెస్ సాయం చేద్దామని గరుకు కాగితం తీసుకుని ట్యాంకు మీద రుద్దడం మొదలుపెట్టింది. రెండు నిమిషాల్లో ఆకుపచ్చలోంచి అరచేయంత ఎరుపు బయటపడింది. "తాతయ్యా, లోపల ఎర్రగా ఉంది," అంది సంబరంగా. "చాలా బండ్లు లోపల ఎర్రగానే ఉంటాయి. నువ్వెళ్ళి పళ్ళు తోముకో," అన్నాడు వెర్లిన్.

పాన్‌కేకుల దగ్గర రాస్ కౌంటీ కాగితం ముందేసుకున్నాడు. స్కూలు బస్సులు బాగుచేసే మెకానిక్ వాడు, కాగితమంటే కొంచెం భయం, అందుకని ప్రతి ముక్కా పైకి చదువుతాడు. "కాగితాలు లేని బండి. యజమాని చనిపోయాడు. వారసుడు ప్రమాణం చేసి రాయాలి. వారసుడంటే నువ్వే నాన్నా. బాబాయికి ఈ బండి ఎలా వచ్చింది?"

"గడ్డికి బదులుగా ఎవరో ఇచ్చి ఉంటారు."

"ఎవరో అని రాయకూడదట. పేరు కావాలి."

వెర్లిన్ రాత్రంతా నిద్ర లేకుండా ఒకే మనిషిని తలుచుకున్నాడు. నోరు ఆ పేరే అందించింది. "హోల్ట్."

"ఏ హోల్టు?" అంది నోలా, పెనం మీంచి తల తిప్పకుండా. "డిప్యూటీ హోల్టా? ఆయనకి చిన్నపిల్లల బైకెందుకు? ఆయనకున్నది ఒక్క కూతురు. అదీ సైకిలెక్కడానికే జడుసుకునేది."

"నాకేం తెలుసు? తమ్ముడు అలాగే చెప్పినట్టు గుర్తు."

రాస్ రాశాడు. వెర్లిన్ సంతకం పెట్టాడు. పెట్టాక కాస్త ఊపిరి ఆడింది. ఇచ్చినవాడూ పోయాడు, పుచ్చుకున్నవాడూ పోయాడు, ఇక అడిగేదెవరు, చెప్పేదెవరు అనుకుని ఇంకో పాన్‌కేకు వేసుకున్నాడు. నోలా మాత్రం పానకం గిన్నె బల్ల మీద పెడుతూ తన పాత పాట ఎత్తుకుంది. థాంక్స్‌గివింగ్ పండగ భోజనాల్లో ఏటా ఆ ఇంటివాళ్ళంతా వినే పాటే. "ఆ కర్టిస్ గాడు మన ఎర్ర బండి ఎత్తుకుపోకుండా ఉంటే ఇవాళ టెస్ దాన్నే తొక్కేది. అలాంటివాడి దగ్గరికి ఇన్సూరెన్సు కోసం వెళ్ళాల్సొచ్చింది చూడు. అరవై మైళ్ళలో ఇంకొక ఏజెంటు లేకపోయె." రాస్ తల వంచుకుని తిన్నాడు. ముప్పై నాలుగేళ్ళుగా ఆ గుమ్మం తొక్కకుండా తప్పించుకున్నవాడు, కూతురి కోసం తొక్కబోతున్నాడు.

పదింటికి వెర్లిన్, రాస్, టెస్ ముగ్గురూ చిన్న బండిని పికప్ ట్రక్కులో వేసుకుని కౌంటీ ఆఫీసుకు చేరారు. కిటికీ దగ్గర ఎప్పుడూ ఉండే అమ్మాయి పురిటికి వెళ్ళింది. ఆమె స్థానంలో రెండు వారాల కోసం, పోయిన వసంతంలో రిటైరైన పాత గుమాస్తాను పిలిపించారు. ఆ పాత గుమాస్తా జనీన్ హోల్ట్, సైకిలుకు జడుసుకున్న డిప్యూటీ కూతురు. ఆమెను గుమ్మంలోంచి చూడగానే వెర్లిన్ కొడుకు చొక్కా పట్టుకుని ఆపాడు.

"ఇవాళ రద్దీగా ఉందిరా రాస్. రేపొద్దాం."

రాస్ చుట్టూ చూశాడు. పడవ స్టిక్కరు కొనుక్కుని వెళ్ళిపోతున్న మనిషి ఒక్కడున్నాడు. "రద్దీ ఎక్కడుంది నాన్నా?" అంటూ కాగితం కిటికీలోంచి లోపలికి తోశాడు.

జనీన్ కాగితం చదవలేదు. ఆమె పద్ధతి అది కాదు. "ముందు బండి, తర్వాత మాటలు. మా నాన్న నేర్పింది అదే," అని టార్చిలైటు పట్టుకుని బయటికి నడిచింది. ట్రక్కు వెనక తలుపు దింపించి, హ్యాండిలు మెడ మీద లైటు వేసి చూసి, వేలితో తడిమి, ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇది అరగదీసిన నంబరు. ఇవాళో నిన్నో పని. ఇనుము ఇంకా మెరుస్తోంది."

"అరగదియ్యడమేంటి?" అన్నాడు రాస్.

"పొద్దున్న తాతయ్య తుప్పు గీకాడు," అంది టెస్. ఆ పిల్ల తాతను కాపాడుదామనే అంది.

వెర్లిన్ జేబులు తడుముకున్నాడు. "కళ్ళజోడు పెట్టుకోలేదు. కాస్త ఎక్కువ గీకేశానేమో."

"పరవాలేదు వెర్లిన్ గారూ. ఇంజను అడుగున ఇంకో నంబరుంటుంది. దొంగలందరూ పైదాన్ని గీకి కిందిదాన్ని మర్చిపోతారని నాన్న అనేవాడు." అరవై ఆరేళ్ళ జనీన్ ట్రక్కు మీదికి ఎక్కి, బండిని పక్కకు ఒరగేయించి, మోకాళ్ళ మీద కూర్చుని నంబరు రాసుకుంది. లోపలికి వెళ్ళి అడుగు బీరువాలోంచి లావుపాటి పాత పుస్తకం ఒకటి తెచ్చింది. అది హోల్ట్ తన చేత్తో రాసిన దొంగతనాల చిట్టా. దొరికిన ప్రతిదాన్నీ ఎర్ర పెన్సిలుతో కొట్టేసేవాడు. పేజీ తర్వాత పేజీ ఎర్ర గీతలే. ఒక్క వరస మీద మాత్రం గీత లేదు.

జనీన్ ఆ వరస మీద వేలు పెట్టి, కాగితం మీది నంబరు చూసి, మళ్ళీ పుస్తకం చూసింది. "రాస్, ఇది నీ బండి," అంది.

రాస్ బయటికి వెళ్ళి ట్రక్కు పక్కన నిలబడ్డాడు. టెస్ రుద్దిన చోట ఎరుపు చూశాడు. ఎడమ వైపు కాలు పెట్టే కమ్మీ వంగి ఉండటం చూశాడు. ఆ వంకర వాడూ కర్టిసూ కలిసి కాలువ వంతెన మీంచి దూకించబోయి తెచ్చుకున్నది. నలభై ఆరేళ్ళ మనిషి ఆ కమ్మీ మీద చెయ్యి వేసి, బడిపిల్లాడిలా ముక్కు ఎగబీల్చాడు. వెర్లిన్ తట్టుకోలేక మొహం తిప్పుకున్నాడు.

తిప్పుకున్న చోట కిటికీలో జనీన్ ఉంది. ఆమె ఇప్పుడు కాగితం చదువుతోంది. అమ్మినవాడి పేరు దగ్గర ఆగి, కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివింది. "మా నాన్నా?" అంది నెమ్మదిగా. "ఈ ఒక్క బండి తేల్చలేకపోయానని నాన్న మంచాన పడ్డాక కూడా అనేవాడు వెర్లిన్ గారూ. మీతో చేపలకు వెళ్ళిన ఆదివారాలు తిరిగొచ్చేటప్పుడు కాలువ పొడుగునా పొదలు వెతుక్కుంటూ వచ్చేవాడు. ఆయనే దొంగ అని ఇక్కడ ప్రమాణం చేసి రాశారు. ఇది నిజమైతే నాన్న దొంగ. కాకపోతే మీరు అబద్ధమాడారు. రెండిట్లో ఏదో మీరే చెప్పండి."

లోపలికి వచ్చిన రాస్ కూడా తండ్రివైపే చూస్తున్నాడు. వెర్లిన్ చనిపోయిన స్నేహితుణ్ణి దొంగను చేసి బతకలేడు, తానే దొంగనని చెప్పనూలేడు. అప్పుడు ఆ నోరు, ఎవరూ నెట్టకుండానే, అలవాటైన దారిన పోయింది. పాత అబద్ధంతో ఉన్న సుఖం అదే, కొత్తగా దారి వెయ్యనక్కర్లేదు.

"పొరపాటు పడ్డానమ్మా. హోల్ట్ కాదు. ప్రూయిట్ వాళ్ళు. ప్రూయిట్ వాళ్ళ దగ్గరే లామార్ తీసుకుని ఉంటాడు."

జనీన్ గుండె మీద చెయ్యి వేసుకుని కుర్చీలో కూలబడింది. "అదీ. నాన్న మొదటి నుంచీ వాణ్ణే అనుమానించాడు." రాస్ కౌంటీ కాగితం లాక్కుని తలుపు తోసుకుని రోడ్డు దాటాడు. వెనకాల టెస్, ఆ వెనక, ఒక్కసారిగా ఇంకో పదేళ్ళు మీద పడ్డ మనిషిలా వెర్లిన్. ఆ రోడ్డు ముప్పై అడుగులు ఉంటుంది. అక్కడ ఎక్కడైనా ఆగి కొడుకుని పిలవచ్చు. ఆయన పిలవలేదు.

కర్టిస్ ప్రూయిట్ పొట్టి చేతుల చొక్కా వేసుకుని, బట్టతల మీద ఫ్యాను గాలి తగిలేలా కూర్చుని ఉన్నాడు. బల్ల మీద పిప్పరమెంట్ల సీసా ఉంది. రాస్ వస్తూనే కాగితం ఆ బల్ల మీద కొట్టాడు.

"నా బండిని మా బాబాయికి గడ్డి కోసం ఇచ్చావా?"

కర్టిస్ లేవలేదు. గుమ్మంలో నిలబడ్డ వెర్లిన్‌ని కాసేపు చూశాడు. "ఎవరన్నారు?"

"మా నాన్న."

"ఓహో." సీసా మూత తీసి టెస్ ముందుకు జరిపాడు. "తీసుకో పాపా. కూర్చో రాస్. ఇన్సూరెన్సు కోసం కదూ ఇవాళ అపాయింట్‌మెంటు తీసుకున్నావు? నాలుగు బండ్లు. ముందు ఆ పని చూద్దాం, తర్వాత కొడుదువుగాని. స్టాడర్డ్ గారూ, మీరు కూడా రండి. ఇంటిపెద్ద సంతకం కావాలి."

కొట్టడానికి వచ్చినవాణ్ణి ఎవరైనా అలా కూర్చోబెడితే ఏం చెయ్యాలో రాస్‌కి తెలియలేదు. కూర్చున్నాడు. కర్టిస్ పేర్లు అడిగాడు, వయసులు అడిగాడు, దెబ్బలేమైనా తగిలాయా అని అడిగాడు, అన్నీ తొందర లేకుండా రాసుకున్నాడు. ఆపైన కాగితం తిప్పి పెన్ను వెర్లిన్ ముందు పెట్టాడు.

"తొమ్మిదో ప్రశ్న. ఈ ఇంట్లో ఎవరైనా, ఎప్పుడైనా, అబద్ధపు క్లెయిము పెట్టి ఇన్సూరెన్సు పుచ్చుకున్నారా? అవును, లేదు. రెండే గళ్ళు."

"లేదు," అన్నాడు రాస్.

"నిన్ను కాదు." కర్టిస్ గొంతు పెంచలేదు. "నిదానంగా ఆలోచించుకోండి స్టాడర్డ్ గారూ. నాకేం తొందర లేదు. ముప్పై నాలుగేళ్ళు ఆగాను."

వెర్లిన్ పెన్ను తీసుకున్నాడు. 'లేదు' అన్న గడి దగ్గరగా ఉంది, చెయ్యి చాచనక్కర్లేదు కూడా. టెస్ పిప్పరమెంటు నోట్లో వేసుకుని తాత చేతికేసి చూస్తోంది. గోళ్ళ కింద పొద్దుటి ఇనుప పొడి ఇంకా నల్లగా ఉంది. ఆ పిల్ల చూపు గోళ్ళ మీంచి మెల్లగా తాత మొహం మీదికి వచ్చింది. ఆ మొహంలో ఏం కనిపించిందో గానీ, చప్పరించడం మానేసింది. ఊరంతా ఎదురుగా నిలబడ్డా అబద్ధమాడటానికి వెర్లిన్ జంకలేదు. ఆ ఒక్క చూపు ముందు ఆయన చెయ్యి సాగలేదు.

"అవును," అని గడిలో గుర్తు పెట్టాడు. "నేనే. గొలుసు వెయ్యట్లేదని వాడికి బుద్ధి చెబుదామని దాచాను. ఇంటికొచ్చేసరికి హోల్ట్ కూర్చుని ఉన్నాడు. ఇక చెప్పలేకపోయాను."

 రాస్ తండ్రిని చూడలేదు. కర్టిస్‌ని చూశాడు. "నీకు తెలుసా?"

"గట్టు మీద చేపలు పడుతున్నా. మీ నాన్నా బాబాయీ ఎత్తి ట్రక్కులో వేసుకోవడం చూశాను. మా నాన్నకి చెబితే పెద్దవాళ్ళ మీద చాడీలా అని బెల్టు తీశాడు. అమ్మని కొట్లో పలకరించేవాళ్ళు లేకుండా పోయారు. రెండేళ్ళు ఓర్చుకుని ఇల్లమ్మేసింది."

"మరి నాకెందుకు చెప్పలేదురా?"

కర్టిస్ పై పెదవి కొంచెం ఎత్తి, ముందు పన్ను పక్కనున్న ఖాళీ చూపించాడు. "చెప్పాను కదా రాస్. బడి వెనక. 'మీ నాన్నే తీసుకెళ్ళాడు' అన్నాను. అందుకే కదా కొట్టావు."

 ముప్పై నాలుగేళ్ళలో ఆ దెబ్బ రాస్‌కి గుర్తుంది, ఆ మాట గుర్తులేదు. మనిషికి ఏది గుర్తుండాలో అదే గుర్తుంటుంది కాబోలు. చివరికి "క్షమించరా" అన్నాడు. "సరే," అన్నాడు కర్టిస్. అది క్షమించానన్న 'సరే' కాదు, విన్నానన్న 'సరే'. అని మళ్ళీ పెన్ను తీసుకుని ఒక పేరు మీద అడ్డంగా గీత గీశాడు.

"నాలుగు బండ్లకూ ఇన్సూరెన్సు వస్తుంది. నడిపేవాళ్ళు ముగ్గురే. నువ్వు, మీ ఆవిడ, పాప. తొమ్మిదో ప్రశ్నకి అవునన్నవాళ్ళను ఐదేళ్ళదాకా చేర్చకూడదు."

"అది రూలా, నీ కక్షా?" అన్నాడు వెర్లిన్, ఓపిక కూడదీసుకుని.

"రూలే స్టాడర్డ్ గారూ. నాకు నచ్చిన రూలు."

ఐదేళ్ళు పోతే వెర్లిన్‌కి ఎనభై ఒకటి. ముందు తాతయ్య బండి, వెనకే టెస్ బండి అన్న ఒప్పందం అక్కడే, ఆ బల్ల మీదే ముగిసిపోయింది. టెస్ తండ్రి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

ఊరంతటికీ మధ్యాహ్నానికల్లా తెలిసింది. రాస్ తిరిగి తెచ్చిచ్చిన ప్రమాణ పత్రాన్ని జనీన్ చించేసింది. "మీ మీద జాలితో కాదు. ఇందులో మా నాన్న పేరుంది," అని చెప్పి మరీ చించింది. ఆ తర్వాత తండ్రి చిట్టా తెరిచి, మిగిలిన ఒక్క వరస మీదా ఎర్ర పెన్సిలుతో గీత పెట్టి, 'దొంగ పేరు' అని ఉన్నచోట వెర్లిన్ చేతే రాయించింది. తప్పు లేకుండా, పూర్తి పేరు. అప్పట్లో చెక్కు పంపిన కంపెనీకి రాస్ ఫోను చేస్తే, చట్టప్రకారం ఆ బండి తమదేననీ, మనిషిని పంపేంత విలువ లేదు కనక ఉంచుకోమనీ అన్నారు.

నోలా ఇంట్లో ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది వెర్లిన్‌కి. గురువారం పొద్దున్నే ఆపిల్ 'పై' చేసుకుని, అరవై మైళ్ళు కారు నడుపుకుంటూ, వృద్ధాశ్రమంలో ఉన్న కర్టిస్ తల్లి దగ్గరికి వెళ్ళింది. సాయంత్రం ఆ 'పై'తోనే తిరిగి వచ్చింది. కోయనైనా లేదు. బల్ల మీద పెట్టి, "ఆవిడ తీసుకోలేదు. నువ్వు తిను," అంది. వెర్లిన్ తిన్నాడు. తినక చేసేదేముంది.

శనివారం బండ్లు కొండెక్కాయి. రాస్ వెళ్ళి కర్టిస్‌ని కూడా రమ్మని పిలిచాడు. పన్నెండేళ్ళ వయసు దాటాక తనను ఎవరూ బండి ఎక్కనివ్వలేదనీ, నడపడం మర్చిపోయాననీ, వచ్చే ఏడు చూద్దామనీ కర్టిస్ అన్నాడు. రాననడానికి అది మర్యాదగల మాట. వెర్లిన్ కొండ మొదట్లో ట్రక్కు వెనక తలుపు మీద, కాఫీ ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. పెద్ద బండ్ల మోత తగ్గిపోయాక కూడా చిన్న బండి చప్పుడు మలుపు మలుపుకీ వినిపించింది. ఆ చప్పుడు ఆయన మర్చిపోలేదు. ఈసారి దాని ముందు ఎవరూ లేరు. టెస్ తనే ముందు పోతానందట, మిగతావాళ్ళు సరేనన్నారట.

కాగితాలు చూసే అటవీ గార్డు ఒకడు వచ్చాడు. వెర్లిన్ జేబులోంచి నాలుగు బండ్ల కాగితాలూ తీసి ఇచ్చాడు. గార్డు ముచ్చటపడిపోయాడు. "ఈ ఏడాది నేను చూసినవాటిలో ఇంత పద్ధతిగా ఉన్న కుటుంబం మీదే తాతగారూ. మీరు వెళ్ళలేదేం?" అన్నాడు.

"కాపలా," అన్నాడు వెర్లిన్.

సాయంత్రం ఇల్లు చేరాక టెస్ బండిని నీళ్ళతో కడిగింది, పొడిగుడ్డతో తుడిచింది, షెడ్డులో స్తంభానికి ఆనించింది. కొత్త గొలుసు ఒకటి చక్రంలోంచి దూర్చి, స్తంభం చుట్టూ తిప్పి, తాళం వేసి, రెండుసార్లు లాగి చూసుకుంది. తాళంచెవి చొక్కా జేబులో వేసి బొత్తాం పెట్టుకుంది. వెర్లిన్ వరండాలోంచి అంతా చూశాడు. ముప్పై నాలుగేళ్ళ కిందట కొడుకుకి నేర్పాలనుకున్న పాఠం మనవరాలికి నాలుగు రోజుల్లో వచ్చేసింది. మాట కలుపుదామని ఆశగా గొంతు సవరించుకున్నాడు.

"ఇంత దూరం ఏ దొంగ వస్తాడు తల్లీ?"

"రావడమెందుకు తాతయ్యా," అంది టెస్, "నువ్వు ఇక్కడే ఉంటావుగా."